ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు: యాత్రా ఛాయాచిత్రణ, రేఖాచిత్రణ

ప్రయాణంలోనూ రోజువారీ జీవితంలోనూ కంటబడిన దృశ్యాలను కెమెరాతో గాని, పెన్సిలు, కలం, కుంచెలతో గాని అక్కడికక్కడే నమోదు చేసుకోవడాన్ని ఈ వ్యాసంలో యాత్రా చిత్రణ అంటున్నాం. చిత్రకారుడు తన గదిలో తీరికగా వేసిన చిత్రాలు, స్టూడియో ఛాయాచిత్రాలు, పత్రికా ఛాయాచిత్రణ దీని పరిధిలోకి రావు. దీన్ని ప్రభావితం చేసిన మేరకే వాటి ప్రస్తావన ఉంటుంది. పరిశీలనకు తీసుకున్న ప్రాంతం ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలు, వాటిని ఆనుకుని ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుల దాకా గోదావరికి రెండు వైపులా ఉన్న అడవి.

ప్రాంత స్వరూపం

ఖమ్మం పట్టణం మునేరు ఒడ్డున ఉంది. మునేరు కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి తూర్పుగా, ఈశాన్యంగా వెళ్తే పొలాలు పలచబడి అడవి మొదలవుతుంది, నీళ్లన్నీ గోదావరి దారి పడతాయి. కిన్నెరసాని బూర్గంపాడు దగ్గర, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. అడవిలో టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు ప్రధానమైనవి. కోయలు, కొండరెడ్లు ఇక్కడి ప్రధాన ఆదివాసీ సమాజాలు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి తప్పించుకుని వచ్చిన గుత్తికోయల గూడేలు కూడా ఉన్నాయి. పాల్వంచ సమీపంలోని కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం, దిగువన పాపికొండల జాతీయ ఉద్యానం సందర్శకులకు పరిచితమైనవి.

బొమ్మ తీసేవారికి ఋతువుల లెక్క వేరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ పూస్తుంది, టేకు ఆకు రాలుస్తుంది. ఏప్రిల్‌లో ఇప్పపూల సేకరణ, శ్రీరామనవమి కల్యాణం దగ్గర దగ్గరగా వస్తాయి. జూలై, ఆగస్టుల్లో వరద, డిసెంబరు, జనవరుల్లో పొగమంచు, ముక్కోటి ఏకాదశికి తెప్పోత్సవం. మే నెల ఎండలో పగటిపూట బయట కూర్చుని బొమ్మ వేయడం చాలామందికి సాధ్యం కాదు.

చరిత్ర: కెమెరాకు ముందు

బొమ్మతో జ్ఞాపకాన్ని దాచుకోవడం ఈ అడవికి బయటివాళ్లు తెచ్చిపెట్టిన అలవాటు కాదు. కోయల డోలి కళాకారుల దగ్గర పడిగె అనే పొడవాటి త్రికోణపు గుడ్డ ఉంటుంది. దాని మీద గోత్ర పురుషులు, వేల్పులు, జంతువులు, చెట్లు వరుసగా ఉంటాయి. జాతరలో దాన్ని విప్పి, డోలు మీద ఆ గోత్రపు వలసల కథ పాడతారు. కథ పాడేవాడు లేకపోతే ఆ బొమ్మల్లో సగం అర్థం కావు. మణుగూరు మండలానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ మౌఖిక చరిత్రను గానం చేసిన కళాకారుడు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. (చూ. కోయలు, మౌఖిక చరిత్ర)

తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో పేరెన్నికగన్న ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర 1830–31 నాటి ప్రయాణానికి సంబంధించినది. డాగెరోటైపు పద్ధతిని పారిస్‌లో ప్రకటించింది 1839లో. అంటే తెలుగు యాత్రికుడు ఛాయాచిత్రణ వాడుకలోకి రాకముందే దినచర్య రాశాడు, చూసినదంతా మాటల్లోనే పెట్టాల్సి వచ్చింది.

చరిత్ర: వలస పాలన, జాతివర్ణన ఛాయాచిత్రాలు

గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతి నుంచి బ్రిటిషు పాలనలోకి వెళ్లింది. 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరింది. కుడిగట్టు నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. నదిని పైదాకా పడవల దారిగా మార్చాలన్న పథకంలో భాగంగా దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. పథకం 1871లో ఆగిపోయినా కట్టడాలు మిగిలాయి. దుమ్ముగూడెంలో పనిచేసిన క్రైస్తవ ప్రచారకుడు జాన్ కెయిన్ 1870ల నుంచి కోయల గురించి పత్రికల్లో రాశాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథం కోయల అధ్యాయంలో ఆ రాతలను వాడుకుంది. ఆ సంపుటాల్లోని ఛాయాచిత్రాలకు ఒక పరిమితి ఉంది. బొమ్మలో మనిషి ఉంటాడు, కింద చాలాసార్లు తెగ పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు.

ఈ ప్రాంతానికి సంబంధించి ఇప్పటికీ అత్యంత విలువైన దృశ్య సంపద ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్‌ది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోయిన ఆయన 1940ల తొలినాళ్లలో పాపికొండల కొండరెడ్ల మధ్య క్షేత్రపరిశోధన చేశాడు. ఆ కొండలను ఆనాటి ఆంగ్లేయులు అడవిదున్నల కొండలని పిలిచేవారు. ఆయన పుస్తకం ఆ పేరుతోనే 1945లో వెలువడింది. పోడు నరకడం, వెదురు తెప్పలు కట్టడం, గుడిసె ముంగిట వంట వంటి రోజువారీ పనులు ఆయన దృష్టికి వచ్చాయి. ఆయన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు, క్షేత్ర దినచర్యలు లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్ సంస్థలో ఉన్నాయి. బొమ్మకు తోడుగా దినచర్య ఉండటమే ఈ సంపదకు విలువ తెచ్చింది. తమ తాతల బొమ్మలు లండన్‌లో ఉన్నాయన్న సంగతి గూడేల్లో ఎందరికి తెలుసన్నది వేరే ప్రశ్న.

చరిత్ర: గోదావరి చిత్రకారులు

నదికి దిగువన రాజమహేంద్రవరంలో 1909 నుంచి 1919 దాకా ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహంతో ఎదిగారు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో మరణించిన దామెర్ల గోదావరి పరిసరాలను ప్రకృతి దృశ్యాలుగా చిత్రించాడు. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట చిత్రశాల ఉంది. తెలంగాణ వైపు మహబూబాబాద్ సమీపంలోని పెనుగొండలో పుట్టి శాంతినికేతన్‌లో చదివిన కొండపల్లి శేషగిరిరావు (1924–2012) ఇక్కడి కొండలూ బండలూ కాకతీయ శిల్పాలూ పరిశీలించి గీశాడు. వరంగల్లుకు చెందిన ఛాయాచిత్రకారుడు, చిత్రకారుడు గుడిమల్ల భరత్ భూషణ్ (మరణం 2022) తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను దశాబ్దాల పాటు చిత్రిస్తూ వచ్చాడు. రెండు పనిముట్లనూ వాడినవాడు కావడం వల్ల ఈ వ్యాసానికి ఆయన ప్రత్యేకంగా సంబంధించినవాడు.

భద్రాద్రి యాత్రకు తెలుగువారి మనసులో ఉన్న రూపం మాత్రం చాలావరకు సినిమా ఇచ్చిందే. బాపు దర్శకత్వంలో వచ్చిన అందాల రాముడు (1973), శేఖర్ కమ్ముల తీసిన గోదావరి (2006) రెండూ రాజమహేంద్రవరం నుంచి భద్రాచలానికి సాగే లాంచీ ప్రయాణాలే. బాపు తన సినిమాల దృశ్యాలను ముందే బొమ్మల వరుసగా గీసుకునేవాడు. పాపికొండల ఇరుకులో లాంచీ ముందుభాగాన నిలబడి యాత్రికులు నేటికీ దిగే ఫోటో ఈ సినిమాల చట్రంలోనే ఉంటుంది.

రీలు కాలం నుంచి ఫోను దాకా

1960ల నుంచి ఆగ్ఫా క్లిక్ వంటి చవక కెమెరాలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. అయినా భద్రాచలం యాత్రకు వచ్చిన కుటుంబాల్లో ఎక్కువమందికి కెమెరా ఉండేది కాదు. గుడి దగ్గరి ఫోటోగ్రాఫరు చేత తీయించుకునేవారు. సొంత కెమెరా ఉన్నవాళ్లకు 12 బొమ్మల రీలే ఆస్తి. గుడి మెట్ల దగ్గర నాలుగు, గోదావరి ఒడ్డున నాలుగు, పర్ణశాలలో బంగారు లేడి బొమ్మ ముందు రెండు, సీతమ్మ వాగులో నారచీరల గుర్తులని చూపించే బండల దగ్గర ఒకటి అని ముందే పంచుకునేవారు. ఊరికి తిరిగొచ్చాక రీలు కడిగించి ప్రింట్లు వేయించాలి. కళ్లు మూసుకున్నవాళ్లు మూసుకున్నట్టే ఆల్బంలోకి వెళ్లేవారు. ఆ పొదుపు వల్ల పాత ఆల్బంలలో మనుషులే కనిపిస్తారు; దారి, సంత, బస్సు, పూటకూళ్ల ఇల్లు కనిపించవు. ఫోను కెమెరాలు ఈ లోటును తీర్చాయి. 2003 గోదావరి పుష్కరాల ఇంటి ఫోటోలు రీలువి, 2015 పుష్కరాలవి ఎక్కువగా ఫోనువి. కాకపోతే 2003 నాటి ప్రింట్లు బీరువాలో దొరుకుతాయి, 2015 నాటివి పాత ఫోనుతో పాటు పోయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

చిత్రణ విషయాలు

దేవాలయం. శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయం, నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న (భక్త రామదాసు) కథ, మిథిలా ప్రాంగణంలో జరిగే నవమి కల్యాణం ఈ ప్రాంతంలో అత్యధికంగా చిత్రితమైన విషయాలు. రేఖాచిత్రానికి కల్యాణం కన్నా దానికి ముందురోజులు అనుకూలం. పందిళ్లు వేయడం, తలంబ్రాలు కలపడం, గోటితో వడ్లు ఒలిచిన బియ్యం మూటలతో భక్తులు రావడం అప్పుడే కనిపిస్తాయి.

వరద. భద్రాచలం వంతెన దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. వరద రోజుల్లో ఊరివాళ్లు మొదట తీసే ఫోటో నీటిమట్టపు అంకెలది, తర్వాత మునిగిన స్నానఘట్టాల మెట్లది. బంధువులకు పంపడానికి తీసే ఈ మామూలు ఫోటోలు, ఒకే చోటు నుంచి ఏడాదికేడాది పోగుపడితే, ఏ వరదకు నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే ఆధారాలవుతాయి. స్థిరస్థానం నుంచి పదేపదే ఫోటో తీయడం ప్రపంచమంతటా హిమానీనదాల, అడవుల మార్పులు కొలవడానికి వాడే పద్ధతే. ఇక్కడ అది అనుకోకుండా జరుగుతోంది.

సంత. వారపు సంతలో చింతపండు, ఇప్పపువ్వు, చీపుళ్లు, ఎండుచేపలు, కోళ్లు, గాజులు అన్నీ నేలమీదే ఉంటాయి. అమ్మేవారు కూర్చుని ఉంటారు, కొనేవారు వంగి చూస్తారు. నిలువెత్తు నుంచి తీసిన ఫోటోలో నడినెత్తులే పడతాయి. నేల మీద కూర్చుని గీసిన బొమ్మలో ముఖాలూ చేతులూ తూకపు పళ్లేలూ ఒకే ఎత్తులో వస్తాయి. ఇప్పపువ్వు రాశిని గీయడం కష్టం. తాజా పువ్వు పాలిపోయిన లేత పసుపు, ఎండినది ముదురు గోధుమ. ఒకే రాశిలో రెండూ కలిసి ఉంటాయి గనుక ఒక్క రంగు పూస్తే కుప్ప కాస్తా మట్టిదిబ్బలా కనిపిస్తుంది.

బొగ్గు, కాగితం. 1889లో తొలి గని మొదలైన ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు బొగ్గు ప్రాంతాలను యాత్రా చిత్రకారులు సాధారణంగా దాటి వెళ్లిపోతారు. ఇది లోటే. షిఫ్టు దిగి టీకొట్టు దగ్గర ఆగిన గని కార్మికులు ఈ అడవి దినచర్యలో భాగం. భద్రాచలానికి ఆవలి ఒడ్డున సారపాకలో ఐటీసీ కాగితపు మిల్లు ఉంది. గోదావరిని గీసే పుస్తకపు అట్ట గోదావరి నీటితోనే తయారై ఉండే అవకాశం లేకపోలేదు.

పనితీరు: వెలుతురు, సమయం, సామగ్రి

అడవిలో ఛాయాచిత్రానికి మొదటి చిక్కు చుక్కల వెలుతురు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ నేలమీద తెల్లటి మచ్చలుగా, మిగతా అంతా చీకటిగా వస్తుంది. తెల్లటి మచ్చల్లో వివరం పోకుండా కాంతిమానం తగ్గించి తీసుకుని, నీడలను తర్వాత తేల్చుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. వేసవిలో టేకు ఆకు రాల్చాక ఈ సమస్య తగ్గుతుంది, దుమ్ము, వేడిపొగ పెరుగుతాయి. వానాకాలంలో వెడల్పాటి టేకాకు కింద పట్టపగలే మసక. నడుస్తున్న లాంచీ మీద నుంచి తీసేటప్పుడు ఇంజను అదురుకు బొమ్మ చెదరకుండా షట్టరు వేగం సెకనులో 500వ వంతు, అంతకన్నా తక్కువ వ్యవధి ఉండాలి.

రేఖాచిత్రానికి లాంచీ అనుకూలమైన చోటు. పాపికొండలు ఒకదాని వెనుక ఒకటిగా నిదానంగా జరుగుతాయి. దగ్గరి కొండ ముదురుగా, వెనుకదాన్ని పలచగా, ఆ వెనుకదాన్ని ఇంకా పలచగా పూస్తూ వెళ్తే లోతు వస్తుంది. అంచులు మాత్రం లాంచీ మలుపు తిరగకముందే గీసుకోవాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తర్వాత విహారయాత్రలు చాలాకాలం ఆగాయి. నదికి వరద ఉన్నప్పుడు ఇప్పటికీ నిలిపివేస్తారు.

నీటిరంగులకు చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న కాగితం మేలు. ఎండాకాలంలో పూత కుంచె తీసేలోగా ఆరిపోతుంది, ఆకాశం చారలు చారలుగా వస్తుంది. వానాకాలంలో పుట మూస్తే అవతలి పుటకు అంటుకుంటుంది. నీటికి కరగని సిరా ఉన్న కలంతో గీసుకుని, రంగుల పేర్లు పక్కన రాసుకుని, రంగు బసలో వేసుకోవడం చాలామంది పాటించే మధ్యేమార్గం.

రకాల విషయానికి వస్తే పెద్ద చర్చ అవసరం లేదు. ఛాయాచిత్రణలో యాత్రా ఆల్బం, వీధి ఛాయాచిత్రణ, వన్యప్రాణి ఛాయాచిత్రణ ఉన్నాయి. రేఖాచిత్రణలో గీతచిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, బొమ్మల దినచర్య ఉన్నాయి. ఎదురుగా చూస్తూనే గీయాలన్న నియమంతో 2007లో సియాటిల్‌లో గాబ్రియెల్ కంపనారియో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ బృందం ప్రభావం భారతీయ నగరాల మీదా ఉంది. ఒకే పుటలో ఫోటో, గీత, బస్సు టికెట్టు అతికించే మిశ్రమ దినచర్యలు ఇటీవల పెరిగాయి.

అనుమతులు, మర్యాద

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి, ఛాయాచిత్రణకు అటవీశాఖ అనుమతి కావాలి. ఆలయ గర్భగుడిలో ఫోటోలు నిషిద్ధం. అశ్వాపురం వద్ద భారజల కర్మాగారం వంటి రక్షిత స్థలాలను, సరిహద్దు మండలాల్లోని భద్రతా బలగాల శిబిరాలను చిత్రించకూడదు. డ్రోన్లకు 2021 నియమాలు వర్తిస్తాయి.

చట్టం చెప్పనిది మర్యాద చెబుతుంది. కొండరెడ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీన ఆదివాసీ సమూహంగా గుర్తించింది. వారి గూడేల్లోకి బిస్కెట్ పొట్లాలతో వెళ్లి పిల్లలను వరుసలో నిలబెట్టి ఫోటోలు తీసే పద్ధతిని విద్యావంతులైన ఆదివాసీలు తప్పుపడుతున్నారు. 2012లో అండమాన్ జరావాల వీడియోలపై రేగిన వివాదం ఇలాంటిదే. గుత్తికోయల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. గూడెం ఎక్కడుందో తెలియజేసే ఫోటో వారికి చిక్కులు తెచ్చిపెట్టవచ్చు. స్థాన వివరాలను తొలగించి పంచుకోవడం మంచిది. రేఖాచిత్రం ఈ విషయంలో నిర్దోషి అని తరచూ అంటారు. గీసేవాడు అరగంట ఎదురుగా కూర్చుంటాడు, చుట్టూ జనం చేరతారు, ఇష్టం లేనివారు లేచి వెళ్లగలరు అన్నది నిజమే. కాని కొమ్ములు, ఈకలు లేనిదే కోయ మనిషిని గీయలేని చేతికి కెమెరాకున్నంత దోషమూ ఉంటుంది. కొమ్ము నృత్యపు తలపాగా పండుగ వేషం, రోజూ కట్టేది కాదు.

శీర్షికలు, భద్రత

ఈ ప్రాంతంలో తీసిన బొమ్మకు శీర్షిక రాయడం చూసినంత తేలిక కాదు. కూనవరాన్ని తీసుకుంటే ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలో గోదావరి జిల్లాలో, 1925 నుంచి తూర్పుగోదావరిలో ఉంది. 1959లో ఖమ్మం జిల్లాకు, 2014లో రాష్ట్ర విభజనతో మళ్లీ తూర్పుగోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. ఊరు కదల్లేదు, చిరునామా కదిలింది. పాత ఫోటో వెనుక జిల్లా పేరొక్కటే ఉంటే అది ఏ ఊరో తేల్చడం కష్టం. ఊరు, నది ఏ గట్టు, తేదీ, ఇష్టపడితే మనిషి పేరు రాయడం కనీస పద్ధతి.

పోలవరం ప్రాజెక్టు ఈ అవసరాన్ని పెంచింది. దాని జలాశయం కింద గోదావరి, శబరి ఒడ్డుల గ్రామాలు ఎన్నో ముంపులోకి వస్తాయి. దేవీపట్నం మొదలుకొని కూనవరం దాకా యాత్రికులు సరదాకు తీసుకున్న ఫోటోల్లో వెనుక కనిపించే ఇళ్లు, చింతచెట్లు, గుడి అరుగులు ఇప్పుడు ఆ ఊళ్లవారికి అవసరమైన ఆధారాలు. ముందు నిలబడ్డ చుట్టాల కోసం తీసిన ఫోటోను వెనుక ఉన్న ఇంటి కోసం వెతకడం ఇప్పటికే జరుగుతోంది. (చూ. పోలవరం, నిర్వాసితులు)

ప్రింట్లకు, నెగెటివ్‌లకు శత్రువులు తేమ, బూజు, చెదలు, వరద. తడిసి ఒకదానికొకటి అంటుకున్న ప్రింట్లను ఎండలో పెట్టి లాగకూడదు. శుభ్రమైన చల్లటి నీటిలో నానబెట్టి మెల్లగా విడదీసి నీడలో ఆరబెట్టాలి. డిజిటల్ ఫోటోలకు కనీసం రెండు ప్రతులు వేర్వేరు చోట్ల ఉండాలి. ఒక ప్రతి ముంపు లేని ఊళ్లో చుట్టాలింట్లో ఉండటం భద్రాచలం పరిసరాల్లో అక్కరకొచ్చే జాగ్రత్త. భద్రాచలం ఐటీడీఏ ప్రాంగణంలోని గిరిజన మ్యూజియంలో ఆదివాసీ జీవితానికి సంబంధించిన వస్తువులను భద్రపరచి ప్రదర్శిస్తున్నారు.

హక్కులు

భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం రేఖాచిత్రంపై హక్కు కళాకారుడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఛాయాచిత్రాలకు ఒకప్పుడు ప్రచురణ తేదీ నుంచి 60 ఏళ్లు లెక్కగట్టేవారు. 2012 సవరణతో వాటికీ కళాకారుడి జీవితకాలపు లెక్కే వచ్చింది. డబ్బిచ్చి ప్రత్యేకంగా తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కు తీయించుకున్నవారిదే. గుడి మెట్ల మీద ఫోటోగ్రాఫరుకు డబ్బిచ్చి కుటుంబమంతా దిగిన ఫోటో ఈ లెక్కన ఆ కుటుంబానిది.